గంట మాస్టారు

మాస్టారికి ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు కానీ, ఎందుకు పెట్టారో మాత్రం బాగా తెలుసు. హోటలు కౌంటర్ల మీద నెత్తిన ఒక్కటిస్తే ట్రింగుమనే చిన్న గంట ఉంటుందే, అలాంటిదొకటి ఆయన బల్ల మీద కుడిచేతికి అందేంత దూరంలో ఉండేది. క్లాసులో ఎవరైనా మాట్లాడుతూ తప్పు చేస్తే మాస్టారు గంట కొట్టేవారు. మాట్లాడేవాళ్ళు ఆగాలి. తప్పేమిటో మాస్టారు చెప్తారు. దాన్ని మూడుసార్లు దిద్ది పలకాలి. అప్పుడు ముందుకు సాగాలి. అలా ముందుకు సాగినవాళ్ళు చాలా తక్కువ మంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు బళ్ళో భాష చెప్పి రిటైరైన మనిషి ఇంట్లో ఊరికే కూర్చోలేక, లైబ్రరీ భవనం నాలుగో అంతస్తులో సాయంత్రం క్లాసు మొదలుపెట్టారు. పని వెతుక్కుంటూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ఇక్కడి భాష రాక అవస్థపడే పెద్దవాళ్ళ కోసం. వాళ్ళు పగలంతా ఒళ్ళు హూనం చేసుకుని, ఆవులింతలు మింగుకుంటూ ఆరింటికి వచ్చేవారు. మాస్టారి సిద్ధాంతం ఒక్కటే. తప్పుని వేడిమీదే పట్టుకోవాలి, చల్లారితే గట్టిపడిపోతుంది. దీని మీద ఆయన పన్నెండు పేజీల వ్యాసం రాసి ఉపాధ్యాయుల పత్రికకి పంపారు కూడా. పత్రికవాళ్ళు వ్యాసం తిప్పి పంపుతూ రాసిన ఉత్తరంలో రెండు తప్పులు కనబడితే, ఎర్రసిరాతో దిద్ది మళ్ళీ వాళ్ళకే పంపారు. ఆ తరువాత వాళ్ళ నుంచి జవాబు లేదు.

క్లాసులో మొదట పంతొమ్మిది మంది ఉండేవారు. ఇప్పుడు ఏడుగురు. "నాణ్యత పెరిగింది" అని మాస్టారు లైబ్రరీ అధికారికి చెప్పారు.

ఆ ఏడుగురిలో మాస్టారికి ముద్దొచ్చే విద్యార్థి ఒకడే, లిఫ్టు మెకానిక్కు. నలభై దాటిన మనిషి. పని నుంచి నేరుగా, భుజాన పనిముట్ల సంచీతో వచ్చి తలుపు పక్కన కూర్చునేవాడు. అతని నోట్‌బుక్కులో కొట్టివేత అన్నది ఉండేది కాదు. ఎనిమిది నెలల్లో అతని మీద గంట మోగింది ఆరుసార్లే. "చూశారా, ఈయన తప్పే చెయ్యడు" అని మాస్టారు మిగతావాళ్ళకి చూపించి మురిసిపోయేవారు. అతను మొదటి రెండు నెలల్లోనే ఆ ఆరు గంటలూ తిని, ఏడోది తినే ఉద్దేశం లేక నోరు కట్టేసుకున్నాడన్న సంగతి మాత్రం ఆయన బుర్రకి తట్టలేదు.

మెకానిక్కుకి ఒక లైసెన్సు కావాలి. లిఫ్టుల పనిలో పద్దెనిమిదేళ్ళుగా చెయ్యి తిరిగినవాడే. కానీ రూలు ప్రకారం, పక్కన ఎవరూ లేకుండా లిఫ్టు ముట్టుకోవాలంటే ఇక్కడి భాషలో మౌఖిక పరీక్ష పాసవ్వాలి. ఇద్దరు అధికారుల ముందు కూర్చుని పావుగంట సేపు తన పని గురించి చెప్పాలి. లైసెన్సు లేనంత కాలం అతను సహాయకుడే. తనకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడైన సూపర్‌వైజరు పక్కన నిలబడి స్క్రూడ్రైవర్లు అందిస్తూ ఉండాలి. పరీక్షకి రెండే అవకాశాలు. మొదటిది అయిపోయింది.

ఆ రిపోర్టు కాగితం తెచ్చి మాస్టారికి చూపించాడు. పావుగంటలో అతను చెప్పినవి నాలుగు వాక్యాలు. కింద అధికారి ఇలా రాశాడు: "తప్పులు లేవు. మాటలూ లేవు." మాస్టారు మొదటి సగం చదివి కాసేపు గర్వపడ్డారు కూడా. రెండో సగం చదివాక కాగితం మడిచి ఇచ్చేస్తూ, "ఇంకా సాధన కావాలి" అన్నారు. సాధనంటే ఆయన దృష్టిలో ఇంకాస్త గంట.

రెండో పరీక్షకి మూడు వారాలుంది. అదీ పోతే ఇక బతుకంతా స్క్రూడ్రైవర్లు అందించడమే.

మాస్టారింట్లో గంట లేదు. దాని అవసరం రాలేదు, నోరే సరిపోయేది. ఒక సాయంత్రం ఆయన గొడుగు పుచ్చుకుని బయల్దేరుతుంటే భార్య గుమ్మం దాకా వచ్చింది.

"ఏమండీ, మొన్న మంగళవారం లాగే ఇవాళ కూడా ఫోను..."

"మంగళవారం కాదు, బుధవారం."

"బుధవారమో, ఏదో ఒక వారం. ఫోను..."

"ఏదో ఒక వారమంటే ఎలా? సోమవారం పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళానా? మంగళవారం దవడ వాచి ఇంట్లోనే ఉన్నానా? అంటే బుధవారమే కదా."

ఆవిడ ఆయన ముఖంలోకి ఓసారి చూసి, "సరే, బుధవారం. వెళ్ళిరండి" అని తలుపేసుకుంది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ ఇలా సగంలో వదిలేసిన వాక్యాలన్నీ పోగేస్తే ఓ పెద్ద పుస్తకమవుతుంది. మాస్టారు మాత్రం వారం తేలినందుకు తృప్తిగా మెట్లు దిగారు.

ఫోటోకాపీల దుకాణంలో పది నిమిషాలు ఆలస్యమైంది. పని రెండు నిమిషాల్లోనే అయింది, దుకాణం బోర్డు మీది తప్పు గురించి యజమానికి వివరించడానికి ఎనిమిది పట్టింది. ఆ హడావిడిలో, ఎప్పుడూ మెట్లెక్కే మనిషి లైబ్రరీలో లిఫ్టు ఎక్కారు. అది మూడో అంతస్తు దాటి, నాలుగో అంతస్తు అందకుండా మధ్యలో ఓ కుదుపు కుదిపి ఆగిపోయింది.

మాస్టారు జేబులు తడుముకున్నారు. ఫోను లేదు. ఇంట్లో బల్ల మీద ఉండిపోయింది. ఆవిడ చెప్పబోయింది అదేనని అప్పుడు వెలిగింది.

అయినా ధైర్యం వచ్చింది. ఎందుకంటే పైన తన క్లాసు వాళ్ళ మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి. అలా వింటూ ఉంటే ఆయనకి ఆశ్చర్యం కూడా వేసింది. ఏడుగురూ గలగలా మాట్లాడుకుంటున్నారు, అదీ ఇక్కడి భాషలోనే! ఒకరి భాష ఇంకొకరికి రాదు మరి, వాళ్ళకి అదే దిక్కు. బేకరీలో పనిచేసే ఆవిడ ఏదో చెప్తోంది, టాక్సీ డ్రైవరు పడీపడీ నవ్వుతున్నాడు. మధ్యలో ఒక బొంగురు గొంతు ఆపకుండా ఏదో కథ చెప్తోంది. అది మెకానిక్కుదని పోల్చుకోవడానికి మాస్టారికి చాలాసేపే పట్టింది. ఎనిమిది నెలల్లో ఆ గొంతు ఇంతసేపు ఎప్పుడూ వినలేదాయన.

ఎర్ర బటన్ నొక్కారు. లిఫ్టు గంట ట్రింగుమంది.

పైన మాటలు ఠక్కున ఆగిపోయాయి.

"వచ్చేశాడు" అని ఎవరో గుసగుసలాడారు.

ఇంకోసారి నొక్కారు. ట్రింగ్.

"సారీ సార్!" అంది బేకరీ ఆవిడ, కంగారుగా. తరువాత ఇప్పటిదాకా చెప్పిన వాక్యాన్ని మూడు రకాలుగా దిద్దుకోవడం మొదలుపెట్టింది. మాస్టారు మూడోసారి గట్టిగా, నొక్కి పట్టుకున్నారు.

"నేనేం అనలేదు సార్!" అన్నాడు టాక్సీ డ్రైవరు. ఇక ఆ తరువాత చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. మాస్టారు ఎక్కడున్నారో తెలియకపోయినా, ఆయన గంట మాత్రం వాళ్ళకి బాగా అర్థమైంది.

అరవాలి. కానీ ఏమని? 'రక్షించండి' అంటే నాటకంలా ఉంటుంది. 'కాపాడండి' అంటే నీళ్ళలో మునిగేవాడి కేక. 'దయచేసి ఎవరైనా ఇటు రండి' మర్యాదగానే ఉంది కానీ, ఇటు అంటే ఎటో వాళ్ళకెలా తెలుస్తుంది? తన విద్యార్థుల ముందు తొలికేక తప్పుగా వేస్తే రేపు ముఖం ఎలా చూపించాలి? ఇలా వాక్యాన్ని చెక్కుతూ చెక్కుతూ రెండు నిమిషాలు గడిపేశారు. చివరికి మాట కన్నా గొడుగు నయమనిపించి, గొడుగు కొస తలుపు సందులో పెట్టి పెకలించడం మొదలుపెట్టారు.

ఆ చప్పుడు మాత్రం మెకానిక్కు చెవిన పడింది. గంట సంగతి ఎలా ఉన్నా, లిఫ్టు తలుపుని ఎవరో బలవంతంగా తెరుస్తున్న చప్పుడు అతనికి నిద్రలో కూడా తెలుస్తుంది. పరుగున వచ్చి, సంచీలోంచి తాళంచెవి తీసి బయటి తలుపు తెరిచి కిందికి చూశాడు. నాలుగో అంతస్తు గచ్చు మాస్టారి ఛాతీ ఎత్తున ఉంది. ఆయన గొడుగుని సందులో అడ్డంగా ఇరికించి, రెండు చేతులూ గచ్చు అంచు మీద వేసి, పైకి పాకడానికి సిద్ధంగా ఉన్నారు.

మెకానిక్కు కళ్ళు పెద్దవయ్యాయి. నోరు తెరిచాడు. మూశాడు. పెదాలు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. మాస్టారికి ఆ కదలిక బాగా తెలుసు. అతను వాక్యం తయారు చేసుకుంటున్నాడు. అప్పుడు మాస్టారు ఒక మాటన్నారు. దాన్ని తలచుకుంటే ఆయన చెవులు ఇప్పటికీ ఎర్రబడతాయి.

"తొందరేం లేదు. పూర్తి వాక్యంలో చెప్పండి" అన్నారు.

"చెయ్యి!" అని అరిచాడు మెకానిక్కు. "నీ చెయ్యి! తియ్యి! లోపల! వెనక పో!"

వాక్యం లేదు, మర్యాద లేదు, పైగా మాస్టారిని పట్టుకుని నువ్వు! మాస్టారు మాత్రం ఒక్క గెంతుతో వెనక గోడకి అతుక్కుపోయారు. కింద ఎవరో లిఫ్టు కోసం బటన్ నొక్కినట్టున్నారు. తలుపు తెరిచి ఉండగానే అది మూరెడు కిందికి జారి ఆగింది. సందులోని గొడుగు ఫట్టుమని రెండు ముక్కలైంది. ఒక ముక్క మాస్టారి కాళ్ళ దగ్గర పడింది. క్షణం క్రితం తన చేతులు ఎక్కడున్నాయో తలచుకోగానే ఆయన గోడ వెంట కిందికి జారి కూర్చున్నారు.

పైన మెకానిక్కు టాక్సీ డ్రైవరుని తరుముతున్నాడు. "పైకి ఉరుకు! మెషీన్ రూము! ఎర్ర హ్యాండిలు కింద లాగు!" కాసేపటికి లిఫ్టులో పెద్ద లైటు ఆరిపోయి చిన్నది వెలిగింది. అప్పుడు మెకానిక్కు ఎవరికో ఫోను చేసి, గచ్చు మీద బోర్లా పడుకుని, సందులోంచి తల లోపలికి వంచాడు.

"మాస్టారూ, ఇంక కదలదు. భయం లేదు. పైన చక్రం ఉంది, చేత్తో తిప్పితే నువ్వు బయటికి. పది నిమిషం పని, నాకు వచ్చు. కానీ నేను తిప్పకూడదు. లైసెన్సు లేదు. సూపర్‌వైజరు రావాలి. నలభై నిమిషం."

మాస్టారి కుడిచెయ్యి అలవాటుకొద్దీ కాస్త లేచింది. అక్కడ బల్ల లేదు, గంట లేదు, విరిగిన గొడుగు పిడి ఉంది. చెయ్యి దించుకున్నారు.

"నలభై నిమిషాలు... మీరు ఇక్కడే ఉంటారా?" అని అడిగారు. 

"ఉంటాను. నేను మాట్లాడతాను, నువ్వు విను. లోపల మనిషికి బయట నుంచి మాట కావాలి. మాట ఆగితే భయం పెద్దది అయిపోద్ది. మా పనిలో ఇది మొదటి రూలు."

మాట్లాడాడు. నలభై నిమిషాలూ మాట్లాడాడు. తాను మొట్టమొదట బాగుచేసిన లిఫ్టు సంగతి చెప్పాడు. పియానోతో సహా ఇరుక్కుపోయి, భయం పోవడానికి నిలబడి పియానో వాయించిన ముగ్గురు కూలీల సంగతి చెప్పాడు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఇక్కడి భాష తనకి రాక, ఎనిమిదేళ్ళ కూతురు తన కడుపునొప్పిని డాక్టరుకి వర్ణిస్తుంటే పక్కన తలవంచుకుని కూర్చున్న సంగతి చెప్పాడు. ప్రతి వాక్యంలోనూ ఓ తప్పు, కొన్నింట్లో మూడు. మాస్టారు మాత్రం ఆ మాటల్ని తాడులా పట్టుకుని కూర్చున్నారు. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగితే, "ఆ తరువాత?" అని ఆత్రంగా అడిగారు. ఆ ప్రశ్న తన క్లాసులో ఎవరినీ అడిగిన గుర్తు లేదాయనకి.

మధ్యలో అడిగారు: "మీ ఊళ్ళో మీ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు తప్పు చేస్తే మీరేం చేసేవారు?"

"ఐదు తప్పు చేస్తారు. నేను ఒకటి చెప్తాను."

"ఒకటేనా?"

"ప్రాణం తీసేది. అది అప్పుడే చెప్తాను, అరిచి. ఇప్పుడు నీ చెయ్యికి అరిచాను కదా, అలాగ. మిగతా నాలుగు పని అయ్యాక, టీ తాగుతూ. అన్నీ అప్పుడే చెప్పామా, వాడి చెయ్యి వణుకుతుంది. వణికే చెయ్యి ఆరో తప్పు చేస్తుంది."

 మాస్టారికి తన పన్నెండు పేజీల వ్యాసం కళ్ళ ముందు తిరిగింది. పత్రికవాళ్ళు తెలివైనవాళ్ళేననిపించింది.

"క్లాసులో ఎందుకు మాట్లాడరు మరి?" అన్నారు చివరికి, జవాబు తెలిసే.

"గంట మోగితే నా లిఫ్టు ఆగిపోద్ది, మాస్టారూ. ఏ అంతస్తులో ఉన్నానో తెలీదు. మళ్ళీ కింద నుంచి రావాలి. అందుకని ఎక్కడం మానేశాను."

అతను ఫిర్యాదు చెయ్యలేదు. లిఫ్టు జబ్బేమిటో చెప్పినట్టు చెప్పాడంతే. మాస్టారికి ఎక్కడలేని సిగ్గూ వచ్చింది. ఇందాక తన రెండు చేతులూ పోవడానికి రెప్పపాటు దూరంలో ఉన్నప్పుడు, ఈ మనిషి వాక్యం సరిచూసుకుంటూ నిలబడ్డాడు. అలా నిలబడడం అతనికి నేర్పింది తనే. ఎనిమిది నెలల పాటు, వారానికి మూడు రోజులు, శ్రద్ధగా.

సూపర్‌వైజరు వచ్చి చక్రం తిప్పి మాస్టారిని బయటికి తీశాడు. తీసి, తన పేరే రిజిస్టరులో రాసుకున్నాడు. మెకానిక్కు పక్కన నిలబడి స్క్రూడ్రైవరు అందించాడు.

ఇంట్లో భార్య అంతా విని, నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నలభై నిమిషాలు ఇంకొకరు మాట్లాడుతుంటే మీరు విన్నారా? నిజంగా? మధ్యలో అడ్డం రాకుండా?"

"ఎక్కడికీ వెళ్ళే దారి లేదు కదా."

"ఆ లిఫ్టు మనింట్లో పెట్టించుకోవచ్చేమో కనుక్కోండి" అంది.

ఆ తరువాతి క్లాసులో మాస్టారు గంటని సొరుగులో పెట్టి మూసేశారు. "ఇక మీదట మీరు మాట్లాడండి, నేను వింటాను" అని ప్రకటించి, ఇంత సులువా అనుకుంటూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఏడుగురూ సొరుగు వంక చూశారు. ఐదు నిమిషాల పాటు ఎవరూ పెదవి విప్పలేదు.

"గంట పాడైందా సార్?" అని అడిగింది బేకరీ ఆవిడ, కొంచెం ఆశగా.

మొదలుపెట్టించడానికే రెండు రోజులు పట్టింది. ఆపుకోవడం మాస్టారికి అంతకన్నా కష్టమైంది. గంట లేకపోయినా నాలుక టక్కుమనేది. నాలుకని పళ్ళ మధ్య పెట్టుకుంటే కనుబొమ్మలు లేచేవి. "కనుబొమ్మ కూడా గంటే సార్" అన్నాడు టాక్సీ డ్రైవరు, మొహమాటపడుతూ. దాంతో మాస్టారు కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, క్లాసుకి వీపు చూపిస్తూ కూర్చోవడం మొదలుపెట్టారు. ఒళ్ళో కాగితం. వినబడిన తప్పులన్నీ అందులో రాసుకోవడం, చివర్లో వాటిలో ఒక్కదాన్ని ఎంచుకోవడం. మిగతావి కొట్టేస్తుంటే సొంత ఆస్తి పంచిపెడుతున్నంత బాధగా ఉండేది. ఒకరోజు లైబ్రరీ అధికారి తలుపులోంచి తొంగిచూసి, మాస్టారు విద్యార్థుల మీద అలిగారేమో అనుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

పరీక్షకి నాలుగు రోజుల ముందు మెకానిక్కు లేచి, తన పని గురించి మొత్తం చెప్తానన్నాడు. మాస్టారు వీపు తిప్పుకుని విన్నారు. కాగితం మీద ఇరవై మూడు తప్పులు చేరాయి. ఇరవై మూడూ గొంతు దాకా వచ్చాయి. అందులో ఒకటి మాత్రం మిగతావాటిలాంటిది కాదు. "మెయిన్ స్విచ్ ఆన్ చేసి, అప్పుడు లోపల చెయ్యి పెడతాను" అన్నాడు. మాస్టారు ఆగారు. ఇది మాటే, చెయ్యి నిజంగా లిఫ్టులో లేదు. అతన్ని చివరిదాకా చెప్పనిచ్చారు. పూర్తయ్యాక కుర్చీ ఇటు తిప్పి, నెమ్మదిగా ఒక్కటే అడిగారు.

"మీరు లోపల చెయ్యి పెట్టినప్పుడు మెయిన్ ఎలా ఉంటుంది?"

"ఆన్..." అన్నాడు మెకానిక్కు. అని, తన చేతి వంక చూసుకున్నాడు. "అయ్యో! ఆఫ్! ఆఫ్! చచ్చిపోతాను!"

క్లాసంతా నవ్వింది, అందరికన్నా గట్టిగా మెకానిక్కు నవ్వాడు. మళ్ళీ ఆ తప్పు చెయ్యలేదు. ఎవరూ దిద్దకుండానే తప్పొకటి దిద్దుకోవడం మాస్టారు జీవితంలో మొదటిసారి చూశారు. మిగతా ఇరవై రెండింటిలో నాలుగింటిని కింద టీ కొట్టు దగ్గర చెప్పారు. పద్దెనిమిదింటిని కాగితంతో సహా చించి చెత్తబుట్టలో వేశారు. ఇంటికెళ్ళే దారిలో అవి గుర్తొచ్చి కాస్త బెంగగానే ఉంది.

పరీక్ష రోజు మాస్టారు కూడా వెళ్ళారు. లోపలికి రానివ్వరు, గది బయట వరండాలో బెంచీ ఉంది. కూర్చోబోతూ ఎదురుగా చూసేసరికి ఆయనకి గుండె ఆగినంత పనైంది. దరఖాస్తుల కౌంటరు మీద గంట ఉంది. అచ్చం తన సొరుగులోని దాని తోబుట్టువులా, అదే మెరుపు, అదే నెత్తి.

మెకానిక్కు లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. కాసేపటికి అతని బొంగురు గొంతు సన్నగా వినబడింది. మాస్టారు లేచి కౌంటరు దగ్గరికెళ్ళి, ఎవరూ చూడకుండా గంట మీద చేతిరుమాలు కప్పారు. గుమాస్తా రుమాలు తీసి, "ఎవరిదండీ ఇది?" అన్నాడు. మాస్టారు రుమాలు తీసుకుని, ఈసారి గంట మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు.

"మీకేమైనా పనా?"

"లేదు. ఊరికే నిలబడ్డాను."

"ఊరికే నిలబడాలంటే అక్కడ బెంచీ ఉంది."

మాస్టారు బెంచీ మీద కూర్చున్న పది క్షణాలకి, దరఖాస్తు చేత్తో పట్టుకున్న ఒక పెద్దమనిషి వచ్చి గంట నెత్తిన ఠపీమని ఒక్కటిచ్చాడు.

ట్రింగ్.

గదిలో గొంతు తెగిపోయింది.

మాస్టారు బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నారు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నారు. లోపల ఆ పెదాలు చప్పుడు లేకుండా కదులుతూ ఉంటాయి. ఏ అంతస్తులో ఆగాడో, ఎంత దూరం మళ్ళీ ఎక్కాలో. ఇరవై ఏళ్ళ పాటు అతను అందించబోయే స్క్రూడ్రైవర్లన్నీ ఆయన కళ్ళ ముందు వరసగా కనబడ్డాయి. ఎనిమిది, తొమ్మిది. తలుపు తోసుకుని లోపలికెళ్ళి 'తప్పు నాది, ఆయనది కాదు' అని చెప్పాలనిపించింది. నిజంగానే లేచి నిలబడ్డారు.

అప్పుడు లోపల నుంచి నవ్వు వినబడింది. మెకానిక్కుదే.

"పర్లేదు, సార్. ఆ గంట నాకు కాదు" అన్నాడు. "ఎక్కడ ఆపాను? ఆ... లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్యలో ఆగింది. లోపల ఒక ముసలాయన ఉంది. గొడుగుతో తలుపు పొడుస్తా ఉంది..."

అధికారులిద్దరూ నవ్వుతున్నారు. "ఆ తరువాత?" అంటోంది ఒక ఆడగొంతు. మాస్టారు మెల్లిగా మళ్ళీ కూర్చున్నారు. కళ్ళు తడిసినట్టనిపించి చేతిరుమాలు వాడుకున్నారు. అది అలా పనికొచ్చింది.

అరగంట తరువాత మెకానిక్కు ముద్ర వేసిన కాగితం పట్టుకుని బయటికొచ్చాడు. ముఖం చూస్తేనే తెలిసిపోయింది, అయినా మాస్టారు ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివారు. పాస్. కింద రాసిన మాటలో అక్షరదోషం ఒకటి ఉంది. జేబులోని పెన్ను జోలికి పోలేదు.

"తలుపు పక్కనే కూర్చున్నారు కదా, మాస్టారూ" అన్నాడు మెకానిక్కు. "నిజం చెప్పండి. ఎన్ని తప్పులు?"

"పదకొండు దాకా లెక్కపెట్టాను" అన్నారు మాస్టారు. "ఆ తరువాత లిఫ్టులో ఉన్న ఆ ముసలాయనకి ఏమవుతుందోనన్న ఆత్రంలో లెక్క తప్పింది."